అందరి చెరువు, ఒక్కడే నీరటి

వై టూ కే అనగానే మనకి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, హెచ్-1బి వీసాలు గుర్తుకొస్తాయి. 1998-99లో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్ళలో మా కరీంనగర్ దిక్కువాళ్ళూ ఉన్నారు. సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగు పెట్టడానికి అంతమంది ఎందుకు? నాకు చాన్నాళ్ళు ఇదే డౌటు.

జవాబులో కొంత భాగం గ్లోబల్ వేరియబుల్ (మిగతాది ఫైళ్ళూ, రికార్డుల సైజులూ. అది ఇంకో టపా). 1959లో మొదలైన కోబాల్‌లో డేటా అంతా డేటా డివిజన్ అని ఒక్క చోటే రాసి ఉంటుంది. ప్రోగ్రాంలో ఏ పేరా అయినా దాన్ని చదవొచ్చు, ఏ పేరా అయినా మార్చొచ్చు. పెర్ఫార్మ్ అంటే కంట్రోల్ ఆ పేరాకి వెళ్తుంది గానీ, ఆర్గ్యుమెంట్లు వెళ్ళవు. ఒక్క తేదీ ఎక్కడెక్కడ మారుతోందో తెలియాలంటే ప్రోగ్రాం మొత్తం చదవాల్సిందే!

అప్పటివాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. మెమరీయే తక్కువ. 1958 నాటి ఫోర్ట్రాన్ 2లో కామన్ అని పెట్టి సబ్‌రొటీన్లన్నీ ఒకే జాగా పంచుకునేలా చేశారు. తర్వాత అల్గాల్ 60 బ్లాకులు తెచ్చింది, ఏ బ్లాకు వేరియబుల్ ఆ బ్లాకుదే. 1973లో విలియం వుల్ఫ్, మేరీ షా గ్లోబల్ వేరియబుల్ హానికరమని వ్యాసం రాసినప్పుడు అల్గాల్‌నీ వదల్లేదు. బయటి వేరియబుల్‌ని లోపలి బ్లాకు ముట్టుకోకుండా ఆపే దారేదీ అని.

నాకైతే ఇక్కడ మా దిక్కు చెరువులు గుర్తొస్తాయి. చెరువు ఊరందరిది. తూము ఎత్తే పని మాత్రం నీరటిది. మడి ఎండుతుంటే రైతు నీరటిని అడిగేవాడు గానీ, తనే పోయి తూము ఎత్తేవాడు కాదు. ఎవరికి వారే ఎత్తుకుంటే ఆయకట్టు చివరి మడికి చుక్క అందదు. 1972లో డేవిడ్ పార్నస్ చెప్పింది కూడా దాదాపు ఇదే: డేటాని ఒక మాడ్యూల్ వెనక పెట్టు, మిగతావాళ్ళు దాన్నే అడగాలి.

1994 నాటి డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంతో సింగిల్టన్ పాపులర్ అయ్యింది. మనవాళ్ళు చాలామంది సింగిల్టన్ రాసి, అందులో ప్రతిదానికీ ఒక సెట్టర్ పెడతారు. నీరటిని పెట్టుకుని తూము తాళాలు ఊరంతా పంచినట్టు!

అలాగని గ్లోబల్ కనబడగానే ముక్కు మూసుకోనక్కర్లేదు. మొదట్లో ఒకసారి చదివి మళ్ళీ మార్చని కాన్ఫిగరేషన్‌ని ఇరవై ఫంక్షన్ల గుండా ఆర్గ్యుమెంటుగా మోసుకెళ్ళడం నాకు వృథా శ్రమే. చిన్న మైక్రోకంట్రోలర్‌లో ఇంటరప్ట్ హ్యాండ్లర్‌కి ఆర్గ్యుమెంట్లు ఇచ్చేవాడే ఉండడు, అక్కడ గ్లోబల్ ఫ్లాగ్ తప్పదు. నేను చూసేది ఒక్కటే, దానికి విలువ రాసే లైన్లు ఎన్ని? ఒకటైతే ఉంచేస్తాను. మూడు దాటితే ఒక స్ట్రక్చర్‌లోకి లాగి, కావలసిన ఫంక్షన్‌కి మాత్రమే ఇస్తాను. థ్రెడ్లు గనక ఉంటే రెండో లైను దగ్గరే ఆగిపోతాను.