మంచుకొండ నెక్కించిన తోలు

స్కీలు అనబడు పొడవైన చెక్కలను పాదములకు కట్టుకొని మంచువాలుపై దిగువారి చిత్రములను మనము చూచియే యుందుము. కాని దిగుటకు ముందు ఎక్కవలెను గదా! మనిషిని వేగముగ క్రిందికి కొనిపోవు నున్నని చెక్కయే, అతడు ఎగువకు అడుగు వేయబోగా వెనుకకు జారును. ముందునకు జారవలెను, వెనుకకు జారరాదు. ఈ రెండు గుణములను ఒక్క వస్తువున కూర్చు ఉపాయమును మంచుదేశముల వేటగాండ్రు ఎన్నో శతాబ్దముల క్రిందటనే తాము వేటాడిన మృగముల మేనిపై కనుగొనిరి.

దూడ వీపుపై చేయి వేసి మెడనుండి తోకవైపు నిమిరిన, వెంట్రుకలు అణగి చేయి సుఖముగ సాగును. తోకనుండి మెడవైపు నిమిరిన అవియే లేచి అడ్డగించును. అట్టి తోలును, వెంట్రుకల కొనలు వెనుకకు ఉండునట్లు, స్కీ అడుగున తొడిగినచో ముందునకు పోవునపుడు వెంట్రుకలు అణగును. వెనుకకు జారబోగా నిక్కి మంచును పట్టుకొనును.

మధ్యాసియాలోని ఆల్తాయి పర్వతప్రాంతమున గ్రామీణులు కొందరు నేటికిని కొయ్యస్కీలు చెక్కి, వాని అడుగుభాగమునకు గుఱ్ఱపుతోలు కప్పుదురు. చేత పట్టునది ఒకే కఱ్ఱ. తాంగ్ వంశమును గూర్చిన చైనా చరిత్రలలో, కొయ్యగుఱ్ఱముల నెక్కి మంచుపై లేళ్ళను తరుము ఉత్తరదేశ జనుల ప్రస్తావన కలదు. వారికిది వినోదము కాదు, చలికాలపు జీవనము. లోతైన మంచులో మృగము కూరుకొనిపోవును. స్కీలున్న వేటగాడు పైపైన సాగును. కాని అడ్డువచ్చిన గుట్ట నెక్కలేనినాడు అతని యింట పొయ్యి వెలుగదు.

ఉత్తర ఐరోపాలో కొన్ని తావుల ప్రజలు ఇదే చిక్కును మరియొక విధమున విడదీసిరి. ఒక కాలికి పొడవైన నున్నని స్కీ, రెండవకాలికి తోలు తొడిగిన పొట్టి స్కీ కట్టుకొనిరి. జారుట ఒక కాలి పని, నెట్టుట రెండవదాని పని. స్వీడన్ దేశపు మతాచార్యుడు ఒలావుస్ మాగ్నుస్ 1555లో రోమునగరమున ప్రకటించిన గ్రంథమున, స్కీలకు తొడుగు రెయిన్‌డీర్ పిల్లల తోలును వర్ణించి, ఎక్కునపుడు దాని వెంట్రుకలు నిక్కి వెనుకకు జారనీయవని వ్రాసెను. 1888లో గ్రీన్‌లాండు హిమక్షేత్రమును దాటిన నార్వే వీరుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ తన బృందపు స్కీలలో కొన్నిటి అడుగున ఉక్కురేకు పరపించి, పాదము క్రింద మాత్రము ఎల్క్ అను పెద్ద దుప్పి తోలును పట్టీగా అమర్పించెను.

ఇవన్నియు స్కీకి శాశ్వతముగ అంటియుండు తోళ్ళు. ఎక్కునపుడు అవి మేలు చేసినను, దిగునపుడు వేగమును హరించును. 19వ శతాబ్దాంతమున ఆల్ప్స్ పర్వతములపై స్కీలతో శిఖరారోహణ మొదలిడినవారికి ఎక్కుటయు కావలెను, హాయిగా దిగుటయు కావలెను. అందుచే తోలును విప్పి తీయదగిన పట్టీగా మార్చిరి. పొట్టిగా, బిరుసుగా వెంట్రుకలుండు సీలు అను సముద్రజంతువు చర్మము అందులకు తగినదై, తోలువారులతో స్కీకి బిగింపబడెను. శిఖరము చేరగనే దానిని విప్పి మూటలో పెట్టుకొనిరి. ఫ్రెంచివారు నేటికిని ఈ పట్టీలను సీలుతోళ్ళనియే పిలుతురు. కాని నేటి పట్టీలలో సీలు లేదు, పేరు మాత్రము మిగిలినది.

వారులతో కట్టిన తోలుకు ఒక లోపముండెను. తోలుకును చెక్కకును నడుమ మంచు దూరి దానిని ప్రక్కకు నెట్టెడిది. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున, అంటించి మరల ఊడదీయదగిన జిగురు వ్యాప్తిలోనికి వచ్చి ఆ లోపమును తీర్చెను. చర్మమునకు బదులు నేతబట్ట వచ్చెను. అంగోరా మేక వెంట్రుకలతో చేయు మోహేర్ చక్కగ జారును, కాని త్వరగ అరుగును. నైలాన్ గట్టిగ పట్టును, ఎక్కువకాలము మన్నును, కాని జారుట మందము. దూరము నడువవలసినవారు మొదటిదానిని, నిటారు వాలులపై తడబడు క్రొత్తవారు రెండవదానిని మెచ్చుకొందురు. రెండును కలిపి నేసిన పట్టీలును కలవు.

ఇక కత్తిరింపు. 1920లలో ఆస్ట్రియా దేశస్థుడు రుడాల్ఫ్ లెట్నర్ స్కీ అంచులకు ఉక్కుపట్టీలు అమర్చెను. గట్టిపడిన మంచుపై అడ్డముగ నడచునపుడు మనిషిని నిలుపునది ఆ ఉక్కు అంచే. పట్టీ దానిని కప్పినచో అంచు మంచును కోయలేదు; కాలుజారినవాడు ఎంత దూరమున ఆగునో ఎవరు చెప్పగలరు? పట్టీ మరీ సన్నమైనచో పైకెక్కుటకు పట్టు చాలదు. కనుక ఇరుప్రక్కల ఉక్కు అంచు మాత్రము బయటపడునట్లు, సుమారు 2 మిల్లీమీటర్లు విడిచి కత్తిరింతురు. స్కీలు ఇంచుమించు తిన్నగ నున్న రోజులలో తిన్నని పట్టీయే చాలినది. 1990లలో నడుము సన్నమై, కొనలు వెడల్పైన స్కీలు ప్రబలుటతో పట్టీని దర్జీవలె ఆ వంపు ననుసరించి కత్తిరింపవలసి వచ్చెను. మొదట ఒక అంచు వెంబడి కోసి, పట్టీని కొద్దిగ ప్రక్కకు జరిపి రెండవ అంచు కోసి, పిమ్మట నడుమకు తెచ్చి అంటించినచో రెండువైపుల సమానమైన ఎడము మిగులును.

స్కీలతో కొండలెక్కి దిగు పందెమును 2026 శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో చేర్చుటకు 2021లో నిర్ణయము జరిగినది. ఈ పందెమున ఆటగాండ్రు ఎక్కుట ముగియగనే పట్టీని క్షణములలో ఊడలాగి దిగుటకు సిద్ధపడుదురు. గుఱ్ఱపుతోలు పోయి నైలాన్ వచ్చెను, తోలువారు పోయి జిగురు వచ్చెను. కాని వెంట్రుక కొన వెనుకకే యుండవలెనను నియమము మాత్రము మారలేదు. దానిని మనిషి పుట్టింపలేదు. మృగము మేనిపై చూచి నేర్చుకొనెను.