బొగత ట్రిప్పు అయిపోయిన పన్నెండో రోజు జ్వరం ఎందుకొచ్చింది?

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా.

వానలు పడ్డాయంటే మన కోల్‌బెల్ట్ పిల్లలకు ఒకటే ధ్యాస, బొగత జలపాతం. రామగుండం, మంథని, మంచిర్యాల, ఎక్కడోళ్లైనా సరే, బండ్లు తీసి ములుగు జిల్లా దారి పడతారు. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు అడవిలోకి పోతారు. కొందరు రాత్రికి తాడ్వాయిలోనో లక్నవరంలోనో ఆగుతారు. ఇంకొందరు ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దాకా పోయి చిత్రకోట్ చూసొస్తారు.

చిక్కేంటంటే, జలపాతాల సీజను, మలేరియా సీజను రెండూ ఒక్కటే. ములుగు, భద్రాచలం ఏజెన్సీ, బస్తర్, మహారాష్ట్ర వైపు గడ్చిరోలి, ఇవన్నీ మలేరియాకు పాత అడ్డాలు. పైగా జ్వరం ట్రిప్పులో రాదు. ఇంటికొచ్చి, అందరూ డ్యూటీల్లో, కాలేజీల్లో పడ్డాక, పది పన్నెండు రోజులకు వస్తుంది. మనం వైరల్ ఫీవర్ అనుకొని మెడికల్ షాపు నుంచి గోళీలు తెచ్చుకుంటాం. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని మొదట బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. ఈ రోజు ఎపిసోడ్ ఆ కథే.

ముందు మన సింగరేణి నుంచి మొదలుపెడదాం. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు వచ్చాయి. చుట్టూ అడవి. ఒక్కసారి ఆలోచించండి, ఆ రోజుల్లో ఆ అడవిలో పడుకున్న కూలీకి మలేరియా ఎలా వస్తుందో తెలీదు. అతనికే కాదు, అప్పటికి ప్రపంచంలో ఏ డాక్టరూ దాన్ని రుజువు చేయలేదు. మలేరియా అనే మాటకు ఇటాలియన్‌లో చెడు గాలి అని అర్థం. బురద నేలల గాలి పీలిస్తే జ్వరం వస్తుందని శతాబ్దాల పాటు నమ్మారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచ్ డాక్టరు అల్జీరియాలో రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. సరే, క్రిమి దొరికింది. కానీ ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి అది ఎలా పోతోంది?

ఈ ప్రశ్న పట్టుకొని కూర్చున్నవాడు రొనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. రెండేళ్లుగా దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద చూస్తున్నా ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు ఇచ్చాడు. అదే నెల 20న ఆ దోమల్లో ఒకదాన్ని కోస్తే, కడుపు గోడ మీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులు కూడా అలాంటివే. మర్నాడు ఇంకో దోమలో చూస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది ఆ మర్నాటి సంగతే. క్రిమి దోమ లోపల పెరుగుతోంది, అంటే దానికి టైం కావాలి. దోమలో అది సిద్ధం కావడానికి పది రోజులో, ఇంకొంచెం ఎక్కువో పడుతుందని తర్వాత తేలింది. ఆ దోమ మనల్ని కుట్టాక క్రిమి ముందు లివర్‌లో చేరి, అక్కడ పెరిగి, ఆ తర్వాతే రక్తంలోకి వస్తుంది. ఫాల్సిపారం రకానికి సాధారణంగా 9 నుంచి 14 రోజులు, వైవాక్స్ రకానికి 12 నుంచి 17 రోజులు పడుతుంది. వైవాక్స్ అయితే లివర్‌లో దాక్కొని నెలల తర్వాత కూడా లేస్తుంది. బొగత జ్వరం పన్నెండో రోజు రావడం వెనక ఉన్నది ఈ లెక్కే. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరు మీద ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఉస్మానియా యూనివర్సిటీది.

ఇంకో విషయం. ఈ విజయానికి ముందే రాస్ ఊటీ దగ్గర అడవి ప్రాంతానికి మలేరియా పరిశోధన కోసం పోయాడు. రోజూ క్వినైన్ వేసుకుంటూ కూడా మలేరియాతో మంచం పట్టాడు. అంత తెలిసినవాడికే, మందు వేసుకుంటున్నా తప్పలేదు.

దేశం సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం నాటికి ఏటా 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి ఇళ్లల్లో డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక పోయింది అనుకున్నారు. దోమలు మందుకు అలవాటుపడ్డాయి, పనిలో పట్టు సడలింది. 1976లో 64 లక్షల కేసులు. ఆ తర్వాత మళ్లీ చాలా తగ్గాయి గానీ, అడవి జిల్లాల్లో మలేరియా ఇంకా ఉంది.

మరి ట్రిప్పుకు పోయే మనం ఏం చేయాలి? పోవద్దని నేను చెప్పను. మలేరియా దోమ చీకటి పడ్డాక, తెల్లారేలోపు కుడుతుంది. పగలు కుట్టేది డెంగ్యూ దోమ, అది వేరు. కాబట్టి జలపాతం కింద తడిసిన పగటి కంటే ఆరుబయట పడుకున్న రాత్రే ప్రమాదం. దోమతెర పట్టుకెళ్లండి, అంచులు పరుపు కిందకి దోపండి. సాయంత్రం నుంచి ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి, బయట కనిపించే ఒంటికి దోమల క్రీము రాయండి. చాలా రోజులు ఉండాల్సి వస్తే, గర్భిణులు, చిన్నపిల్లలు వెంట ఉంటే, ముందే డాక్టర్‌ని కలవండి. ముందుజాగ్రత్త మాత్రలు అవసరమా లేదా ఆయనే చెబుతారు. సొంతంగా కొనొద్దు.

తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. ట్రిప్పు తేదీ ఫోన్‌లో రాసుకోండి. ఆ తర్వాత నెలల్లో ఎప్పుడు చలి, జ్వరం వచ్చినా డాక్టర్‌కు మొదటి మాటగా "నేను ఫలానా అడవికి పోయొచ్చాను" అని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. ఆ రోజే రక్తపరీక్ష చేయించండి, ప్రభుత్వ పీహెచ్‌సీలో ఉచితం. ఫాల్సిపారం ఆలస్యమైతే మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. వైవాక్స్ అని తేలితే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా డాక్టరు రాసిన కోర్సు మొత్తం వాడండి. లివర్‌లో దాక్కున్నదాన్ని చంపేది ఆ మిగిలిన గోళీలే.

రాస్ దోమలో రోజులు లెక్కపెట్టాడు. మనం ట్రిప్పు నుంచి లెక్కపెట్టుకుంటే చాలు. ఈసారి బొగత పోయే గ్రూప్‌లో ఈ ఎపిసోడ్ పడేయండి. మళ్లీ కలుద్దాం.