దఫ్తరము పోయిన యంత్రము

కరణముగారి దఫ్తరమును చెదలు తినినంత మాత్రమున ఊరి పొలములు ఎక్కడికిని పోవు. పైరు పచ్చగానే యుండును. అన్నదమ్ములు పంచుకొనవచ్చిననాడు మాత్రము చిక్కు బయటపడును. ఏ గట్టు ఎవరిదో చెప్పుటకు ఆధారముండదు. కంప్యూటరునందును ఇట్టి దఫ్తర మొకటి కలదు. పొరపాటున అది చెరిగిపోయినచో మరల కూర్చుకొనుట ఎట్లో చెప్పుటకు ముందు, అది పుట్టిన కథను మనవి చేయుదుము.

1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను లోకమునకు ప్రకటించెను. తొలినాళ్లలో దానిపై నడచు ప్రోగ్రాములను ఎవరికి వారే తెచ్చి అమర్చుకొనెడివారు. ఒక్కొక్క ప్రోగ్రాము తన ఫైళ్లను డిస్కులో నలుమూలల చల్లెడిది. ఏ ఫైలు దేనిదో కొంతకాలమునకు యజమానికే తెలియకుండెడిది. 1993 ఆగస్టులో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ డెబియన్ అను కూర్పును ప్రారంభించెను. ప్రోగ్రామును, దాని వివరములను ఒక్క మూటగా కట్టుట అందలి పద్ధతి. ఆ మూటయే ప్యాకేజీ. మూటను విప్పి, సర్ది, లెక్క వ్రాయు గుమాస్తా వంటి సాధనమునకు డీపీకేజీ అని పేరు. 1994లో ఇయన్ జాక్సన్ దానిని సి భాషలో తిరుగ వ్రాసెను.

ఈ గుమాస్తా పద్దు పుస్తకమునకు ‘స్టేటస్’ అని పేరు. ప్యాకేజీ పేరు, కూర్పు సంఖ్య, అది దేనిపై ఆధారపడునది, ఇవన్నియు అందు ఎవరైనను చదువదగిన మామూలు అక్షరములలో నుండును. 1995లో రెడ్ హ్యాట్ వారు తెచ్చిన ఆర్పీఎం తన లెక్కలను డేటాబేసు రూపమున దాచెను. అందు వెదకుట సులభమే గాని కంటితో చదువ వీలులేదు. డెబియన్ వారి సాదా వ్రాత విలువ ఆపద వచ్చిననాడు తెలియును.

ఆ ఆపద తరచు ‘వార్’ అను శాఖలో పుట్టును. మారుచుండు విషయములకై ఏర్పడిన ఈ శాఖలోనే పాత చిట్టాలును, ఈ పద్దును ఉండును. డిస్కులో చోటు చాలక చిట్టాలను తుడువబోయినవాడు పద్దును గూడ తుడిచివేయును. 1971 నాటి యూనిక్స్ గ్రంథమునందే కానవచ్చు ‘ఆర్ఎమ్’ ఆజ్ఞ చెరిపినదానిని దాచియుంచదు. ప్రోగ్రాములన్నియు ఎప్పటివలె నడచుచుండును. కాని భద్రతకై వచ్చు దిద్దుబాట్లు దేనికి చేర్చవలెనో యంత్రమునకు తెలియదు. బాగున్నట్లు కనబడుచునే అది నానాటికి అరక్షితమగును.

అప్పుడు మొదట చేయవలసినది తొందరపడి మరేదియు చేయకుండుట. పద్దు ప్రక్కనే దాని వెనుకటి ప్రతి యుండును. అదియు పోయినచో, ‘బ్యాకప్స్’ అను అరలో ఇటీవలి ప్రతులు కొన్ని యుండును. ఆ ప్రతి తరువాత జరిగిన మార్పులను డీపీకేజీ దినచర్య చిట్టా చూచి పూరింపవచ్చును. అయితే ఈ మూడును ‘వార్’ శాఖలోనివే. ఇల్లు మొత్తము కాలినపుడు పెట్టెలోని నకలు పనికి వచ్చునా?

అట్టి వేళ సాక్ష్యము చెప్పునది వేరొక శాఖ. ప్రతి ప్యాకేజీయు తన హక్కుల పత్రమును ‘యూఎస్‌ఆర్’ శాఖలోని ‘డాక్’ అరలో తన పేరిట ఉంచవలెనని డెబియన్ నియమము. ఆ పేర్లను వరుసగా వ్రాసికొనినచో పోయిన జాబితా చాలవరకు చేతికి వచ్చును. ఆ ప్యాకేజీలను భాండారమునుండి మరల తెప్పించి, ఉన్నవానిపైననే అమర్చినచో పద్దు తిరిగి నిండును. పని గంటలకొలది పట్టును. కాని యజమాని సొంత వ్రాతలు చెక్కుచెదరవు.

ఆ పత్రమును అచ్చట నుంచినవారు దఫ్తరము పోవునని తలంపలేదు. హక్కులు తెలుపుటయే వారి ఉద్దేశము. మన దేవాలయములలో దాత తన దానము నిలుచుటకై శాసనము చెక్కించెను. శతాబ్దముల పిమ్మట అదే రాజవంశముల కాలనిర్ణయమునకు ఆధారమైనది. ఒక పనికై నిజాయితీతో వ్రాసి, వేరుచోట నుంచిన వ్రాత మరియొక పనికి అక్కరకు వచ్చును. మన యిండ్లలోని దస్తావేజులకును, ఛాయాచిత్రములకును గూడ ఒక నకలు వేరొక యింట నుండుట మేలని మా మనవి.