ఏడాది కుర్చీ

ఘాజియాబాద్ 1976 నవంబర్ 14న జిల్లా అయ్యింది. అంతకు ముందే అక్కడి ఎం.ఎం.హెచ్. వంటి ఎయిడెడ్ కళాశాలలు మీరట్ విశ్వవిద్యాలయం నీడన, 1973 నాటి ఉత్తరప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం కిందికి వచ్చాయి. యాజమాన్య కమిటీలో పాతిక శాతం అధ్యాపకులు ఉండాలన్నది ఆ వ్యవస్థలోని నియమం. అది చిన్న విజయం కాదు. అయితే లెక్క దగ్గరగా చూడండి: పన్నెండు మంది కమిటీలో పాతిక శాతమంటే ముగ్గురు. అందులో ప్రిన్సిపాల్ ఒకరు. మిగిలిన ఇద్దరూ సీనియారిటీ వరుసలో, ఏడాదికొకసారి మారుతూ వస్తారు. బడ్జెట్ కాగితాలు అర్థమయ్యేలోపే గడువు తీరిపోతుంది. ఎవరూ ఎన్నుకోలేదు కనుక తోటివారికి జవాబు చెప్పే బాధ్యతా లేదు. కుర్చీ దక్కింది, గొంతు దక్కలేదు.

భూమి, డబ్బు ఇచ్చినవారిదే పెత్తనమని కొందరంటారు. దాతల రుణం కాదనలేనిదే. కానీ 1975లో జీతాల చెల్లింపు పూచీని రాష్ట్రం చట్టంతో తన మీద వేసుకుంది. 1980 నాటి మరో చట్టం అధ్యాపక నియామకాల ఎంపికను ఒక కమిషన్‌కు అప్పగించింది. ప్రజాధనంతో నడిచేచోట దాత మాటే చివరి మాట కాకూడదు. అధ్యాపక సభ్యులకు ఎన్నికలు పెడితే ముఠాలు పుడతాయన్న భయంలో కొంత నిజముంది. అయినా రహస్య ఓటు, మూడేళ్ల గడువు ఈ ఏడాది వంతుల కంటే మేలు. పాఠం చెప్పేవారిని కళాశాల నిర్ణయాల్లో అతిథులుగా కూర్చోబెట్టే ఈ వరుస పద్ధతిని మార్చాలి.