లాప్‌టాప్ తెర వెలుగు నియంత్రణ

లాప్‌టాప్ తెర వెలుగు నియంత్రణ అనగా తెర కాంతిని వాడుకరి తనకు తగినట్లు హెచ్చించుకొనుటకు, తగ్గించుకొనుటకు గల ఏర్పాటు. ఇది పనిచేయకపోవుట తరచుగా కనిపించే లోపం. తెర చెడినదని భ్రమపడి కొత్తది కొనేవారు ఉన్నారు గాని, చాలా సందర్భాలలో దోషం సాఫ్ట్‌వేరులోనే ఉంటుంది.

నేపథ్యం

ఎల్‌సీడీ తెర స్వయంగా వెలగదు; దాని వెనుక బ్యాక్‌లైట్ ఉంటుంది. పాత లాప్‌టాప్‌లలో ఇది సన్నని ఫ్లోరోసెంట్ గొట్టం. దానికి అధిక వోల్టేజి నిచ్చే చిన్న పలకను ఇన్వర్టరు అంటారు (కరెంటు పోయినపుడు ఇళ్లలో వాడే ఇన్వర్టరు వేరు). తరువాత ఎల్‌ఈడీలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. ఓలెడ్ తెరలకు బ్యాక్‌లైట్ అక్కరలేదు.

తుఫానుల తాకిడి గల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇది కేవలం కంటి సౌఖ్యానికి చెందిన విషయం కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫానుల వలన స్తంభాలు కూలి, అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. బ్యాటరీని అధికంగా హరించే భాగాలలో తెర ఒకటి. వెలుగు తగ్గించే మీట పనిచేయని యంత్రం అటువంటి వేళ త్వరగా ఆరిపోతుంది.

దోష నిర్ధారణ

తెర పూర్తిగా నల్లబడితే ముందుగా చీకటి గదిలో టార్చిలైటును ఏటవాలుగా తెరపై వేసి చూడాలి. అక్షరాలు మసకగా కనిపిస్తే బొమ్మ వస్తున్నదని, బ్యాక్‌లైట్ మాత్రమే ఆరినదని లేదా మరీ తగ్గినదని అర్థం. తరువాత బయాస్ తెరలో వెలుగు మీటలు నొక్కి చూడవచ్చు. అక్కడ వెలుగు మారితే యంత్రభాగాలు బాగున్నట్లే. మారనంత మాత్రాన చెడినట్లు కాదు, ఏలయనగా కొన్ని యంత్రాలలో ఆ మీటలు బయాస్‌లో పనిచేయవు.

విండోస్‌లో పునఃస్థాపన చేసిన పిదప ఈ లోపం ఎక్కువగా వస్తుంది. డివైస్ మేనేజరులోని డిస్‌ప్లే అడాప్టర్ల క్రింద "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవరు లేనట్లే. తయారీదారు ఇచ్చిన డ్రైవరును స్థాపించాలి. మానిటర్ల క్రింద "జెనరిక్ పీఎన్‌పీ మానిటర్" నిలిపివేయబడి ఉంటే తిరిగి ఎనేబుల్ చేయాలి. సెట్టింగ్స్‌లో వెలుగు మారుతూ మీటలతో మాత్రం మారకపోతే, లోపం హాట్‌కీ డ్రైవరులోనో ఎఫ్ఎన్ లాక్‌లోనో ఉంటుంది. వెలుగు దానంతటదే మారుతూ ఉంటే అది చెడుట కాదు; కాంతి సంవేదకమో, బ్యాటరీ సేవరో దానికి కారణం కావచ్చు.

లినక్స్‌లో ఒకే తెరకు రెండు నియంత్రణ మార్గాలు ఏర్పడి, మీటలు పనిచేయని మార్గానికి తగులుకొనుట కద్దు. కెర్నెలుకు "ఏసీపీఐ బ్యాక్‌లైట్" అనే పరామితిని "నేటివ్" లేదా "వెండర్" అని ఇచ్చి పరీక్షించాలి. ఎక్స్‌రాండర్ ఆదేశంతో తెర మసకబారుతుంది గాని అది బొమ్మ రంగులను మాత్రమే మారుస్తుంది. బ్యాక్‌లైట్ యథాతథంగా వెలుగుతూనే ఉంటుంది కనుక బ్యాటరీ ఆదా కాదు.

పై మార్గాలు ఫలించనపుడు, మూత తెరచి మూసేకొద్దీ వెలుగు మినుకుమినుకుమంటే మడతబందు వద్ద తీగ నలిగినదని అనుమానించాలి. తీగ వెల సాధారణంగా తెర వెలకంటే చాలా తక్కువ.