మోరీ సంగతి పుస్తకంలోకెక్కింది

కారోబారు పొద్దున్నే మైకు పట్టుకొని ఊరంతా చాటి వచ్చాడు. పదిన్నరకు గ్రామసభ. పదకొండు దాటినా పంచాయతీ ఆఫీసు ముందు టెంటు కింద సగం కుర్చీలు ఖాళీ. మీరు వెనక వరుసలో కూర్చోండి, అక్కణ్నించయితే అందరూ కనిపిస్తారు.

ముందు వరుస ఎప్పటిలాగే పెద్దమనుషులది. పింఛను రాని ముసలమ్మలు కాగితాలు పట్టుకొని పట్టా మీద కూర్చున్నారు. కుర్రాళ్లు టెంటు బయటే, బండ్ల మీద, ఫోన్లు చూసుకుంటూ. సర్పంచుగా నిలబడాలంటే 21 ఏళ్లు నిండాలి గానీ, ఇక్కడ లేచి అడగడానికి ఓటరు జాబితాలో పేరుంటే చాలు.

బల్ల దగ్గర 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన సర్పంచమ్మ. అంతకుముందు దాదాపు రెండేళ్లు తెలంగాణ ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతుల్లోనే నడిచాయి. ఆమె పక్కన, ఏ పదవీ లేని ఆమె భర్త. మైకు ఆయన దగ్గరే ఉంది. మనకిది కొత్తేం కాదు.

కార్యదర్శి ఖర్చుల లెక్క గబగబా చదివేస్తున్నాడు: ట్రాక్టరు డీజిలు, బ్లీచింగ్ పౌడరు, వీధిలైట్లు, కరెంటు బిల్లు. "అందరికీ సమ్మతమే కదా?" అని పేజీ తిప్పబోయాడు.

ఆడవాళ్లలోంచి డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల లేచింది. గొంతు కాస్త వణుకుతోంది.

"బడి ముంగటి మోరీ నిండి నీళ్లు రోడ్డు మీదికొస్తున్నయి. చిన్నపిల్లలు అండ్లకెల్లే నడుస్తున్నరు."

"చూద్దాం కోడలా, పైసలు రావాలె గదా," అన్నాడు భర్త మైకులో.

"మామా, నేను సర్పంచ్ అత్తమ్మను అడుగుతున్న."

బండ్ల మీది తలలు ఇటు తిరిగాయి.

15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలి కదా, అందులో మోరీకి ఎంత పెట్టారని అడిగింది. ఆ వివరం ఆమెకు ఎవరో చెవిలో ఊదింది కాదు. ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఊరి పేరు వెతికితే ప్రణాళిక, చెల్లింపులు ఫోన్లోనే కనిపిస్తాయి. అక్కడ దొరకనిది సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు. మండలాఫీసులో 5 రూపాయలు, గ్రామస్థాయిలో అసలు రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

సర్పంచమ్మ మైకు తీసుకుంది. "ఏఈ సారొచ్చి కొలతలు తీస్తే ఎంతయితదో తెలుస్తది బిడ్డా."

చప్పట్లు పడ్డాయి. మనవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే కూర్చుండిపోతారు. ఎమ్మెల్యే భుజం మీద చెయ్యేసి మాటిస్తే ఫొటో దిగి, వాట్సాప్‌లో పెట్టి, పనైపోయిందనుకునేదీ ఈ బాపతే. ఈ పిల్ల మాత్రం కూర్చోలేదు.

"సార్, పుస్తకంల రాసిండ్రా?"

"తర్వాత రాస్తలేమ్మా."

"ఇప్పుడే రాసి సదవండి సార్. సంతకాలు పెడ్తం."

కార్యదర్శి సర్పంచమ్మ వైపు చూశాడు. ఆమె తలూపింది. పెన్ను మూత తీయక తప్పలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ పెట్టాలి కాబట్టి, అంచనా వేయించి వచ్చే సభ ముందు పెట్టాలని రాసి, పైకి చదివాడు. సంతకాలకు బండ్ల మీంచి నలుగురైదుగురు దిగి వచ్చారు.

వాళ్లలో ఒకడు పెన్ను తిరిగివ్వకుండానే అడిగాడు: "సాయంత్రం కాలేజీ నుంచి రానీకి బస్సు లేదు గదా, దాని సంగతేంది?"

"అది మన చేతుల లేదు, డిపో మేనేజరుకు రాయాలె," అన్నాడు కార్యదర్శి.

"అయితే రాయుండ్రి," అంది ఆ పిల్ల. "తీర్మానం పట్టుకొని మేమే పోతం."