ముష్టియుద్ధము: బరి లోపల, బరి వెలుపల

1938 జూన్ 22వ తేదీ రాత్రి న్యూయార్కు నగరములోని యాంకీ స్టేడియమున డెబ్బదివేల మంది ప్రేక్షకులు కూడియుండిరి. అదే సమయమున అమెరికా దేశమంతట రేడియోల యెదుట కూర్చున్నవారు ఏడు కోట్ల మంది యని నాటి అంచనా. ధనికుల మేడలలోను, శ్రామికుల గదులలోను, వీధి మూలల దుకాణములలోను జనులు చెవులొగ్గి కూర్చుండిరి. గంట మ్రోగినది. రెండు నిమిషముల నాలుగు సెకనులలో సమస్తము ముగిసినది. కొంచెము ఆలస్యముగా రేడియో మీట త్రిప్పినవారికి జయధ్వానములు తప్ప మరేమియు వినబడి యుండదు.

ఇద్దరు మనుష్యులు పిడికిళ్లతో గుద్దుకొనుటను వినుటకై ఇన్ని కోట్ల మంది ఏల కాచుకొనియుండిరి? రేడియో వృత్తిలోనున్న మాకు ఈ ప్రశ్న సహజముగనే కుతూహలము కలిగించినది. దీనికి సమాధానము ఆ రెండు నిమిషములలో దొరకదు. ఈ క్రీడ నడచి వచ్చిన దారిని ఒకమారు వెనుకకు తిరిగి చూడవలెను. ముష్టియుద్ధమనగానే ఏవగించుకొను శ్రోతలు కొందరు కలరని మేమెరుగుదుము. ఆ ఏవగింపు అకారణమైనది కాదు. దానిని గూర్చియు తగిన చోట ముచ్చటింతుము.

పిడికిలి పోరాటము ఏ ఒక్క జాతి సొత్తు కాదు. విరాటుని కొలువులో వంటవాని వేషముననున్న భీముడు జీమూతుడను మల్లునితో తలపడిన కథ మహాభారతమున కలదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన డొమింగో పేయిస్ అను పోర్చుగీసు యాత్రికుడు మహర్నవమి ఉత్సవములలో శ్రీకృష్ణదేవరాయల సమక్షమున జరిగిన జెట్టీల పోరును వర్ణించినాడు. అది తమ దేశపు కుస్తీ వంటిది కాదనియు, పండ్లు రాలునట్లు, కన్నులు పోవునట్లు, ముఖములు వికారమగునట్లు గుద్దులు కురియుననియు వ్రాసినాడు. 'జగజ్జెట్టి' యని మనము నేటికిని వాడుచున్న మాటలో ఆనాటి జెట్టి యింకను నిలిచియున్నాడు.

గ్రీకులు ఈ పోరును క్రీ. పూ. 688లో ఒలింపిక్ క్రీడలలో చేర్చిరి. స్మిర్నా నగరవాసియైన ఒనొమాస్టస్ ప్రథమ విజేత. క్రీడా నియమములను కూర్చినవాడు కూడ అతడే యని గ్రీకులు చెప్పుకొనిరి. యోధులు చేతులకు తోలుపట్టీలు చుట్టుకొనెడివారు. విరామములు లేవు, బరువును బట్టి తరగతులు లేవు. ఒకడు కూలువరకో, వ్రేలెత్తి ఓటమిని ఒప్పుకొనువరకో పోరు సాగెడిది. 1885లో రోము నగరమున ఒక ప్రాచీన కంచు విగ్రహము బయల్పడినది. పోరు ముగించి కూర్చున్న యోధుని ప్రతిమ యది. ముక్కు విరిగియున్నది, చెవులు వాచియున్నవి, గాయముల నుండి కారు నెత్తురును శిల్పి రాగితో పొదిగి చూపినాడు. అతడు గెలిచెనో ఓడెనో ఆ ముఖమును చూచి చెప్పలేము.

నేటి బాక్సింగు పుట్టినిల్లు పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండు. ఆనాడు చేతులకు తొడుగులు లేవు. పందెములు మాత్రము మెండు. జాక్ బ్రౌటన్ అను ప్రసిద్ధ యోధునితో పోరాడిన ప్రత్యర్థి యొకడు ఆ దెబ్బల వలన మరణించెననియు, ఆ విచారముతోనే బ్రౌటన్ 1743లో నియమావళిని రచించెననియు చెప్పుదురు. క్రిందపడినవానిని కొట్టరాదు, నడుము క్రింద పట్టరాదు, పడినవానికి తేరుకొనుటకు అర నిమిషము గడువీయవలెను – ఇవి అందలి ముఖ్య నియమములు. సాధనచేయువారి కొరకు మెత్తని చేతితొడుగులను ప్రవేశపెట్టిన కీర్తియు అతనిదే. మరి నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1867లో, క్వీన్స్‌బెరీ ప్రభువు పేరిట క్రొత్త నియమములు వెలువడినవి. వానిని వ్రాసినవాడు మాత్రము జాన్ గ్రాహమ్ ఛాంబర్స్. మూడు నిమిషముల రౌండు, ఒక నిమిషము విశ్రాంతి, చేతితొడుగులు, పడినవాడు లేచుటకు పది సెకనులు – నేటి పోటీలకు ఇవియే పునాది.

ఈ నియమముల సారమొక్కటే. బరిలో ఇద్దరికి ఒకే కాలము, ఒకే కొలత, ఒకే న్యాయము. జమీందారు కొడుకైనను గనికూలి కొడుకైనను పది లెక్కించుసరికి లేవనిచో ఓడినట్లే. బరి లోపలి న్యాయము ఇట్లు క్రమక్రమముగా చక్కబడినది. అయితే ఆ బరిలో కాలుమోపు అర్హత ఎవరికి కలదు? ఆ నిర్ణయము రిఫరీ చేతిలో లేదు. లోకము చేతిలో నున్నది. ముష్టియుద్ధ చరిత్రలో అసలు పోరు ఇచ్చటనే జరిగినదని మా యభిప్రాయము.

లండనులో యూదు కుటుంబమున జన్మించిన డేనియల్ మెండోజా దేహబలమున తనకంటె అధికులైనవారిని నేర్పుచే ఓడించి 1792లో ఇంగ్లండు విజేత యయ్యెను. యూదులను చులకనగా చూచిన సమాజములో అది చిన్న విషయము కాదు. అమెరికాలో బానిసగా పుట్టెనని చెప్పబడు నల్లజాతి యోధుడు టామ్ మోలినో 1810 డిసెంబరులో ఇంగ్లండు విజేత టామ్ క్రిబ్‌ను ఎదిరించినాడు. అతని పట్టు హెచ్చుచున్న వేళ ప్రేక్షకుల గుంపు బరిపైకి వచ్చి పడెనని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. తుదకు క్రిబ్ గెలిచినాడు. అమెరికా విజేత జాన్ సల్లివాన్ నల్లవారితో పోరాడుటకు బాహాటముగా నిరాకరించినాడు. అందుచే పీటర్ జాక్సన్ వంటి మేటి యోధునికి ఆ బిరుదుకై పోరాడు అవకాశమే దక్కలేదు.

ఈ అడ్డుగోడను మొదట దాటినవాడు జాక్ జాన్సన్. 1908 డిసెంబరు 26న సిడ్నీ నగరమున టామీ బర్న్స్‌ను ఓడించి నల్లజాతివారిలో తొలి హెవీవెయిట్ జగజ్జెట్టి యయ్యెను. దీనిని సహింపలేనివారు విశ్రాంతి తీసికొనుచున్న పూర్వ విజేత జిమ్ జెఫ్రీస్‌ను మరల బరికి రప్పించిరి. 1910 జూలై 4న రీనో పట్టణమున జాన్సన్ అతనిని గూడ పదునైదవ రౌండులో పడగొట్టినాడు. ఆ వార్త తంతి ద్వారా ప్రాకినంతనే అమెరికాలోని పెక్కు పట్టణములలో అల్లరులు చెలరేగినవి. అనేకులు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు ముష్టియుద్ధ చిత్రములను ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు పంపరాదని శాసనమే వచ్చినది. జాన్సన్ నిర్భయుడు, ఆడంబరప్రియుడు, తెల్ల స్త్రీలను వివాహమాడినవాడు. 1913లో అతనిపై నేరము మోపి శిక్షించిరి. ఆ శిక్ష అన్యాయమని అంగీకరించి అమెరికా అధ్యక్షుడు క్షమాపత్రము నిచ్చినది 2018లో. అప్పటికి జాన్సన్ మరణించి డెబ్బది రెండేండ్లు గడచినవి.

1915లో జాన్సన్ ఓడినది మొదలు ఇరువది రెండేండ్ల పాటు ఏ నల్లజాతి యోధునికి హెవీవెయిట్ బిరుదుకై పోరాడు అవకాశము లభింపలేదు. ఈ కాలములోనే రేడియో పుట్టి పెరిగినది. 1921 ఏప్రిలులో పిట్స్‌బర్గు కేంద్రము ఒక ముష్టియుద్ధమును ప్రసారము చేసినది. క్రీడా ప్రసారములలో మొదటిదిగా దీనిని పేర్కొందురు. అదే సంవత్సరము జూలైలో డెంప్సీ, కార్పెంటియర్‌ల పోటీని అనేక పట్టణములలోని సభాభవనములలో ప్రజలు విని ఆశ్చర్యచకితులైరి. బాక్సింగు రేడియోకు చక్కగా అమరిన క్రీడ. ఉన్నది ఇద్దరే, చోటు చిన్నది, కాలము గంటతో కొలువబడును. వ్యాఖ్యాత చెప్పుచుండగా శ్రోత మనసులో బరి ప్రత్యక్షమగును.

ఆ రేడియో యుగపు వీరుడు జో లూయీ. 1914లో అలబామా రాష్ట్రమున కౌలురైతుల ఇంట పుట్టి, బాల్యముననే డెట్రాయిటు నగరము చేరినాడు. జాన్సన్‌కు పట్టిన గతి తెలిసిన అతని నిర్వాహకులు అతనికి కఠినమైన కట్టుబాట్లు విధించిరి. గెలిచి నవ్వరాదు, ఓడినవానిని చులకన చేయరాదు, తెల్ల స్త్రీల ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొనరాదు. అతని ప్రత్యర్థులకు ఇట్టి నిబంధన లేవియు లేవు. 1937లో అతడు జగజ్జెట్టి యయ్యెను. కాని అంతకు ముందటి యేడు జర్మను యోధుడు మాక్స్ ష్మెలింగ్ చేతిలో పండ్రెండవ రౌండులో పడిపోయిన అవమానము మిగిలియున్నది. నాజీ పాలకులు ఆ విజయమును తమ జాతి ఆధిక్యమునకు నిదర్శనముగా చాటుకొనిరి. 1938 జూన్ రాత్రి జరిగిన పోటీ దానికి ప్రత్యుత్తరము. ఏడు కోట్ల మంది చెవియొగ్గి విన్నది అందులకే.

ఆ రాత్రి లూయీ పిడికిలి తమ దేశపు పిడికిలి యని అమెరికా యంతయు పొంగిపోయినది. కాని నాలుగేండ్లకు అతడు సైన్యములో చేరినపుడు నల్లవారిని తెల్లవారి నుండి వేరుచేసి యుంచిన దళములోనే పనిచేయవలసి వచ్చినది. 1942లో రెండు పోటీల ఆదాయమును సైనిక, నౌకా సహాయనిధుల కర్పించినాడు. తరువాతి కాలమున పన్ను బాకీలు అతనిని జీవితాంతము వేధించినవి. ఇక ష్మెలింగ్ నాజీ పక్షమున ఏనాడును చేరలేదు. 1938 నవంబరులో యూదులపై దౌర్జన్యములు జరిగినపుడు ఇద్దరు యూదు బాలురను తన గదిలో దాచి కాపాడినాడు. యుద్ధానంతరము ఈ ఇద్దరు ప్రత్యర్థులు ఆప్తమిత్రులైరి. 1981లో లూయీ మరణించినపుడు అంత్యక్రియల వ్యయములో ష్మెలింగ్ పాలుపంచుకొనెను.

ఈ క్రీడపై గల ఏవగింపును గూర్చి చెప్పుదుమంటిమి. తలపై పదేపదే తగులు దెబ్బల వలన ముష్టియోధుల మెదడు చెడుచున్నదని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు ప్రకటించెను. తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవి. చేతితొడుగు కొట్టువాని వ్రేళ్లను కాపాడునంతగా దెబ్బతినువాని మెదడును కాపాడదు. ఇది దాచరాని సత్యము. కావుననే బరి లోపలి నియమముల రచన నేటికిని పూర్తికాలేదని చెప్పవలెను.

వెలుపలి గోడలు మాత్రము ఒక్కొక్కటిగా కూలుచున్నవి. ఒలింపిక్ బరిలో స్త్రీలకు ప్రవేశము కలిగినది 2012లో, లండనున; ఆ యేడే మన మేరీ కోమ్ కంచు పతకము నందుకొనెను. మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ సాధన నారంభించినపుడు ఆడపిల్లకు ఈ ఆట యేమిటని చుట్టుప్రక్కలవారు ఆక్షేపించిరట. ఆమె 2022 మే నెలలో ఇస్తాంబులు నగరమున ప్రపంచ విజేత యయ్యెను; మరుసటి యేడు ఢిల్లీలో మరల గెలిచెను.

ఇకమీదట ఎక్కడనో ముష్టియుద్ధము జరుగుచున్నదని వార్తలలో వినినపుడు, ఎవరు గెలిచిరని మాత్రమే గాక, ఆ బరిలోనికి వచ్చుటకు వారు ముందుగా ఎవరెవరిని గెలువవలసి వచ్చినదో కూడ మన శ్రోతలు ఒక్కమారు తలపోయుదురుగాక.